కంటిలో గుచ్చుకున్న పుల్లను లాగకండి!

కంటిగూటి పైకప్పు ఎముక చాలా పలుచన. దానిపైనే మెదడు ఉంటుంది. ఆడుకుంటూ పడిన మీ బిడ్డకు కంటి దగ్గర పుల్లగానీ పెన్సిలుగానీ గుచ్చుకుంటే అది మెదడు దాకా పోవచ్చు. రెప్పమీద గాయం చిన్నదే అయినా, బిడ్డ చక్కగా మాట్లాడుతున్నా నిర్లక్ష్యం చేయకండి.

గుచ్చుకున్నదాన్ని మీరు లాగకండి. తెగిన రక్తనాళాన్ని అదే అదిమిపట్టి ఉండవచ్చు. కంటిని నొక్కకుండా, ఏమీ తినిపించకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. విరిగిన ముక్క ఉంటే వెంట తీసుకువెళ్ళండి.

సి.టి. స్కాన్‌లో ఇనుము స్పష్టంగా కనిపిస్తుంది. ఎండుపుల్ల మాత్రం గాలిలా నల్లగా కనిపించి మోసం చేయవచ్చు. అందుకే ఏది గుచ్చుకుందో మీరు చెప్పడం ముఖ్యం. కంటి డాక్టరు, మెదడు సర్జన్ కలిసి ఆపరేషన్ చేసి దాన్ని తీసి, లోపల శుభ్రం చేసి, చిరిగిన మెదడు పొరను మూస్తారు.

ఇంటికి వెళ్ళాక జ్వరం, వాంతులు, మూర్ఛ కనిపిస్తే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి.