లారి గేరుబాక్సునకు ఏ నూనె పోయవలెను?

ఎడ్లబండి తోలిన మన పెద్దలకు కందెన సంగతి ఎవరును నేర్పవలసిన పని లేకుండెను. ఆముదములో కాల్చిన గడ్డిమసి కలిపి ఇరుసునకు పూసిన చాలును, బండి కీచుమనుట మానెడిది. ఏ ఊరి బండికైనను అదే కందెన. ఆ అలవాటు నేటికిని మనలను విడువలేదు. ట్రాక్టరైనను, లారియైనను, వరికోత యంత్రమైనను "నూనె నూనెయే గదా, జిడ్డుగా నున్న చాలును" అని తలచి, దుకాణములో చేతికందిన డబ్బా తెచ్చి పోయుచున్నాము. ఈ విధముగా మా యింటి బండియే ఒకటి చెడినది. ముందు ఆ కథ చెప్పెదను.

మా మేనల్లుడు కోటబొమ్మాళి చుట్టుపట్ల గ్రామములలో కూరగాయలును, కొబ్బరికాయలును సేకరించి శ్రీకాకుళము చేర్చుచుండును. అందులకై యొక పాత పికప్ బండిని కొనెను. అది క్లచ్చి లేని బండి; గేర్లను తనంతట తానే మాఱ్చుకొనును. కొన్నాళ్లకు గేరుబాక్సు క్రింద చుక్కచుక్కగా నూనె కాఱజొచ్చినది. దారిలో నొక మెకానిక్కు చూచి, "ఎఱ్ఱనూనె తగ్గినది" అని తన యొద్దనున్న ఎఱ్ఱనూనెను లీటరునకు పైగా పోసెను. రంగు సరిపోయినది గనుక మావానికి సందేహము కలుగలేదు. కొన్ని దినములు బండి బాగుగనే నడచెను. ఒకనాడు నిండు బరువుతో మడపాం సుంకపు గేటు వద్ద ఆగి మరల కదలబోవునప్పుడు బండి యంతయు జ్వరము తగిలిన ఎద్దువలె వణకినది. నాలుగు మైళ్లు పోయిన పిమ్మట ఇంజను హోరెత్తుచున్నను బండికి వేగము రాదాయెను. "మామయ్యా, ఇంజను అఱచుచున్నది, బండి మాత్రము ఈడ్చుట లేదు" అని ఫోనులో అతడు చెప్పిన మాట నాకింకను చెవిలో నున్నది. కొబ్బరికాయలు వేఱొక బండికెక్కించి పంపితిమి. గేరుబాక్సు విప్పగా లోపలి పలకలు మాడి నల్లబడి యుండెను. పోసిన నూనె పాతకాలపు లారుల పవరు స్టీరింగునకు వాడునది. ఆ బండి కోరిన నూనె వేఱు.

రంగు ఒకటేయైనప్పుడు ఇంత భేదమెక్కడిదని అడుగుదురు. అది తెలియవలెనన్న గేరుబాక్సులలో నూనె చేయు పని తెలియవలెను.

చేతితో గేరు మాఱ్చు బండిలో నూనెకు ముఖ్యమైన పని ఒక్కటే: ఉక్కుపండ్లు ఒకదానినొకటి అరుగదీసికొనకుండ నడుమ పొరగా నిలుచుట. అందులకు చిక్కని నూనె కావలెను. డబ్బాపై 90 అను అంకె గల గేరునూనె నూఱు డిగ్రీల వేడిమిలో కూడ 13.5 సెంటీస్టోకులకు తగ్గని చిక్కదనము కలిగియుండును. సెంటీస్టోకు అనగా నూనె పాఱుటలోని మందకొడితనమును కొలుచు కొలత. అంకె పెరిగిన కొలది నూనె చిక్కన. తనంతట గేరు మాఱ్చుకొను బండిలో వాడు నూనెకు అదే వేడిమిలో ఈ అంకె ఆఱో ఏడో యుండును. అనగా దాని చిక్కదనము ఇంచుమించు సగమే.

అంత పలుచని నూనె ఎందులకు? ఏలనన, అచ్చట నూనె కందెన మాత్రమే కాదు, పనివాడు కూడను. ఇంజనునకును గేర్లకును నడుమ క్లచ్చికి మాఱుగా నూనెతో నిండిన గుండ్రని డొల్ల యుండును. అందులో ఱెక్కలు గల రెండు చక్రములు ఎదురెదురుగా నిలుచును. తిరుగుచున్న విద్యుత్తు పంకా ఎదుట ఆగియున్న మఱొక పంకాను నిలిపినచో రెండవది గాలి తాకిడికి తిరుగుట మీరు చూచియుందురు. ఇచ్చటను అంతియే, గాలికి బదులు నూనె. ఇంజను త్రిప్పిన చక్రము నూనెను చిమ్మును, ఆ నూనె వడి రెండవ చక్రమును త్రిప్పును. గేర్లు మాఱ్చు కవాటములను నడుపునదియు నూనె ఒత్తిడియే. వేడిని మోసికొనిపోయి చల్లార్చు గొట్టములకు చేర్చునదియు అదియే.

మఱొక పని మిక్కిలి సున్నితమైనది. గేరుబాక్సు లోపల ఉక్కుపలకలును, కాగితము వంటి పదార్థము అతికిన పలకలును వరుసగా నమర్చియుండును. నూనె ఒత్తిడి వానిని దగ్గఱకు నొక్కినప్పుడు గేరు పట్టును, విడిచినప్పుడు వదలును. ఈ పలకలు నూనెలో మునిగియుండియే ఒకదానినొకటి పట్టుకొనవలెను. నూతిలో చేద తోడునప్పుడు అరచేతికి జిడ్డు అంటినచో తాడు జాఱిపోవును. తాడు మఱీ గరుకైనచో చేయి ఒక్క కుదుపుతో పట్టి తోలు లేచును. నూనెలో జారుడు హెచ్చైనచో పలకలు జాఱి, ఆ రాపిడి వేడికి మాడును. జారుడు తక్కువైనచో బండి కుదుపులతో వణకును. ఆ గేరుబాక్సును చేసినవారు తమ పలకలకు తగిన జారుడు ఎంతయో నిర్ణయించి, దాని ననుసరించి నూనెలో మందులు కలుపుదురు. కంటికి కానరానిది ఈ మందుల భేదమే.

ఈ నూనె చరిత్రయు కొంత వింతయైనది. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1939లో తనంతట గేరు మాఱ్చుకొను కారును ప్రకటించిరి. పదియేండ్లకు, 1949లో, దానికి తగిన నూనెకు 'టైప్ ఎ' అను నిర్ణయము ఏర్పడినది. జారుడు నిలకడగా నుండుటకై ఆ నూనెలలో స్పెర్మ్ జాతి తిమింగిలపు నూనెను కలుపుచుండిరి. 1970వ దశాబ్దపు ఆరంభమున అమెరికా ప్రభుత్వము ఆ జంతువులను కాపాడుటకై దాని నూనెను నిషేధింపగా, వేఱు మందులను వెదకుకొనవలసి వచ్చినది. అదే కాలమున ఫోర్డు వారి 'టైప్ ఎఫ్' అను నూనెలో జారుడు మందే యుండెడిది కాదు. జనరల్ మోటార్స్ వారి 'డెక్స్‌రాన్'లో నుండెడిది. రెండును ఎఱ్ఱనివే. ఎఱ్ఱరంగు వేయుట కారుచున్న నూనె గేరుబాక్సుదా, ఇంజనుదా అని గుర్తుపట్టుటకే గాని నూనె గుణము తెలుపుటకు కాదు. మా మేనల్లుని బండి రంగును నమ్మియే చెడినది.

ఇక మన సభ్యుల బండ్ల మాట. మన దేశపు లారులలో హెచ్చుభాగము నేటికిని చేతిగేర్లవే. అయితే క్లచ్చి పెడలు లేని లారులు కూడ రాజమార్గముపై కానవచ్చుచున్నవి. వానిని అందఱును ఆటోమేటిక్ అందురు. ఇచ్చట జాగ్రత్త వలయును. ఏ.ఎం.టి. అని వ్రాసియున్న లారిలో లోపలి గేరుబాక్సు పాతరకమునదే. క్లచ్చి నొక్కుటయు గేరు మాఱ్చుటయు మాత్రము గాలి ఒత్తిడితోనో విద్యుత్తుతోనో యంత్రమే చేయును. అట్టిదానికి గేరునూనెయే పోయవలెను. పేరు విని పలుచని ఎఱ్ఱనూనె పోసినచో పండ్లు అరిగిపోవును. నిజముగా నూనెతో నడచు గేరుబాక్సు కొన్ని పికప్ బండ్లలోను, నగరపు బస్సులలోను, గనుల టిప్పరులలోను కలదు. మన రాష్ట్రముననే శ్రీసిటీలో 2016లో కర్మాగారము తెఱచిన ఇసుజు వారి పికప్ బండ్లలో అట్టివి కొన్ని కలవు. ఆలిసన్ గేరుబాక్సు గల పెద్దబండ్లకు ఆ సంస్థవారు 'టి.ఇ.ఎస్. 295', 'టి.ఇ.ఎస్. 389' వంటి గుర్తులతో నూనెను నిర్ణయించిరి. డెక్స్‌రాన్‌లోను అంకెలు కలవు. 2005లో వచ్చిన ఆఱవదానిని జనరల్ మోటార్స్ వారి పాతబండ్లకు మూడవదానికి బదులు పోయవచ్చును. ఆఱవది కోరు బండికి మూడవది పోయరాదు. బండితో వచ్చిన పుస్తకములో ఏ గుర్తు ఉన్నదో అదే గుర్తు డబ్బాపై నుండవలెను. "దీనికి సమానము" అని దుకాణదారు చెప్పు మాట చాలదు.

చేతిగేర్ల లారిలోను ఒక చిక్కు కలదు. గేరునూనె డబ్బాలపై జి.ఎల్. 4, జి.ఎల్. 5 అని యుండును. అంకె పెద్దదైన మేలని తలచి రెండవదానినే అన్నిటికిని పోయువారు కలరు. వెనుక ఇరుసులోని గేర్లకు అది తగినదే. కాని దానిలో హెచ్చుగా నుండు గంధకపు మందు కొన్ని గేరుబాక్సులలోని ఇత్తడి వలయములను తినివేయును. ఇరుసునకొకటి, గేరుబాక్సునకొకటి కావలసివచ్చిన, రెండు డబ్బాలు కొనవలసినదే.

ట్రాక్టరులో ఒకే నూనె గేర్లను, హైడ్రాలిక్కును, అనేక నమూనాలలో నూనెలో మునిగియుండు బ్రేకులను కూడ కాపాడును. దానికై ప్రత్యేకమైన నూనె కలదు. వట్టి 90 నూనె పోసిన బ్రేకులు కిఱ్ఱుమనుట, సరిగా పట్టకపోవుట జరుగును. ధాన్యపు బస్తాలతో ట్రాలీ లాగుచు చెఱువుగట్టు దిగునప్పుడు బ్రేకు పట్టకపోయినచో ఏమగునో మీకు చెప్పనక్కఱలేదు.

నీటి సంగతి మన ప్రాంతమునకు మఱింత ముఖ్యము. వంశధార ఎడమకాలువ నీరు వదలగానే దమ్ము పనులలో ట్రాక్టర్లు ఇరుసువఱకు బురదలో మునుగును. అరిగిన సీలుగుండ నీరు లోపలికి పోవును. 2018 అక్టోబరులో పలాస చెంత తిత్లీ తుపాను తీరము దాటినప్పటి వంటి వరదలలో నిలిచియున్న బండ్లలోనికి కూడ గేరుబాక్సు పైనుండు గాలిగొట్టము ద్వారా నీరు చేరగలదు. నూనె పాలు కలిపినట్లు తెల్లబాఱినచో నీరు చేరినదని నిశ్చయము. అట్టి బండిని నడిపి చూతమనవలదు. కదలింపకయే నూనె తీసివేయవలెను. ఎఱ్ఱనూనె బండ్లలో నీరు పలకల అతుకును ఊడదీయును గనుక ఆలస్యము మఱింత కీడు.

కొనుగోలు విషయమున సంఘములు చేయగల పని యొకటి కలదు. ఒక్కొక్కరు చిల్లరగా, పీపాలోనుండి సీసాలలో పట్టించి కొనునది ఏ నూనెయో దేవునికెఱుక. అట్లు గాక, ఒకే నమూనా ట్రాక్టర్లు గల సభ్యులు కలిసి 20 లీటర్ల మూతవిప్పని బకెట్లను రసీదుతో తెప్పించుకొనినచో ధరయు తగ్గును, కల్తీ భయమును తగ్గును. అందులకు ముందు ఏ సభ్యుని బండి ఏ గుర్తు నూనె కోరునో పట్టిక వ్రాయవలెను. పట్టిక లేకుండ అందఱికిని ఒకే నూనె తెప్పించుటకంటె తెప్పింపకుండుటయే మేలు.

మేనల్లుని బండికి పలకలు మాఱ్చితిమి. నూనెను మూడుమాఱులు దింపి పోయవలసివచ్చినది. ఏలనన క్రింది బోల్టు విప్పినంతమాత్రమున పాతనూనె అంతయు రాదు, ఇందాక చెప్పిన గుండ్రని డొల్లలో చాలభాగము నిలిచిపోవును. కాఱుచున్న సీలును కూడ మాఱ్చితిమి. మొదట చేయవలసిన పని అదియే. ఇప్పుడు ఆ బండి బానెట్టు లోపలివైపున తెల్లరంగుతో ఆ నూనె గుర్తు పెద్ద అక్షరములతో వ్రాయబడి యున్నది. దాని క్రింద, "దీనిని దప్ప వేఱొకటి పోయరాదు" అని మావాడే వ్రాసెను.