భువనగిరి బండ మీది బడి

మన తెలుగువారికి కొండ యెక్కుట క్రొత్త కాదు. అలిపిరి మెట్లవెంట తిరుమల కెక్కెడివారు, శివరాత్రికి నల్లమల నడవి కాలినడకను దాటి శ్రీశైలము చేరెడివారు, ఆషాఢమున సింహాచలము చుట్టు ప్రదక్షిణము చేసెడివారు నేటికిని లెక్కకు మిక్కిలిగా నున్నారు. అయితే ఆ కొండలపై దేవుడున్నాడు. మ్రొక్కుకొన్నవాడు మ్రొక్కు తీర్చుకొనుటకు ఎక్కును. ముడుపు కట్టినవాడు దానిని చెల్లించుటకు ఎక్కును. పైన గుడి లేని కొండను, కట్టెలకో మేకలకో తప్ప, పనిగట్టుకొని ఎక్కెడివానిని మన పల్లెలలో వింతగానే చూతురు. “అక్కడ ఏమున్నదని యెక్కితివి?” అని అడుగుదురు. అది తెలివితక్కువ ప్రశ్న కాదు. పర్వతారోహణమును గురించి పడమటి దేశములలో వెలువడిన గ్రంథములలో సగము ఈ ప్రశ్నకు సమాధానము వెదకుకొనుటకే వ్రాయబడినవి.

ఇటీవలి కాలమున ఆ దేశములవారు ఒక సమాధానమును కనిపెట్టిరి. యువజన బృందమొకటి, దానికి తోడుగ ఇద్దరు ముగ్గురు మార్గదర్శకులు, ఏ కిలిమంజారో కొండకో హిమాలయ పాదములకో పయనమగుదురు. తాము కొండ యెక్కినచో ఇంత ధనమిత్తుమని బంధుమిత్రులచేత మాట పుచ్చుకొందురు. ఆ ధనము అనాథలకో, రోగులకో, బీద పిల్లల చదువులకో చేరును. ఇందు దోషము లేదు. కాని బీదవాడు ఎప్పుడును కొండ క్రిందనే నిలిచియుండును. అతని పేరిట మరియొకడు పైకెక్కును.

ఈ ధర్మమునకు మేలైన రూపము నిచ్చినవాడు ఎడ్మండ్ హిల్లరీ. 1953 మే 29న టెన్జింగ్ నార్గేతో కలిసి ఎవరెస్టు శిఖరముపై నిలిచిన పిదప అతడు కీర్తిని పంచుకొనుచు ఇంట కూర్చుండలేదు. తమ మూటలు మోసిన షెర్పాల గ్రామములకు మరల పోయి, వారికి కావలసినదేమని యడిగెను. వారు బడి కావలెననిరి. 1961లో కుంజుంగ్ గ్రామమున బడి వెలసినది. 1966లో కుందే గ్రామమున ఆసుపత్రి వచ్చినది. ఆ పనిలోనే, 1975లో, ఫాప్లు అనుచోట మరియొక ఆసుపత్రి కట్టుచుండగా, అతనికడకు రాబోవుచుండిన భార్యయు, చిన్న కూతురును ఖాట్మండు చెంత విమానప్రమాదమున మరణించిరి. హిల్లరీ ఆ పని మానలేదు.

ఇక మన సంగతికి వత్తము. 2014 మే 25న ఎవరెస్టు శిఖరమున మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ అను ఇద్దరు తెలుగు పిల్లలు నిలిచిరి. పూర్ణకు అప్పటికి పదునాలుగేండ్లు నిండుటకు ఇంక కొలదిదినములే యుండెను. ఆ శిఖర మెక్కిన బాలికలలో అంతవరకు ఇంత చిన్నది లేదు. ఆమెది నిజామాబాదు జిల్లాలోని పాకాల యను లంబాడీ పల్లె; తలిదండ్రులు వ్యవసాయ కూలీలు. ఆనంద్ ది ఖమ్మం జిల్లా. తండ్రి సైకిళ్లు బాగుచేసి సంసారము నడపెడివాడు. ఇరువురును సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలలో చదువుకొనుచుండిన విద్యార్థులు. అది జరిగిన ఎనిమిదవనాడు, జూన్ 2న, తెలంగాణ రాష్ట్రము వేరుపడినది. కనుక ఆ పిల్లలు ఒక రాష్ట్రము నుండి బయలుదేరి మరియొక రాష్ట్రమునకు తిరిగి వచ్చిరని చెప్పవలెను.

ఇచ్చట చూడదగినది ఒకటున్నది. బీద పిల్లల పేరిట ఎవరో కొండ యెక్కి చందాలు పోగుచేయలేదు. బీద పిల్లలే యెక్కిరి. ఖర్చు ప్రజాధనము. దీనిని దాన మనవలెనా, హక్కనవలెనా యని వాదించుకొనుటకు తావున్నది. నేను హక్కనియే యందును. సంపన్నుల బిడ్డలకు వేసవిలో కొండలును సముద్రములును చూపెడి ఏర్పాట్లు ఎన్నో కలవు. కూలివాని బిడ్డకు వేసవి యనగా పొలములో పనియే.

కొంచెము ప్రక్కకు పోయి ఒక ముచ్చట చెప్పెదను. ఆ శిఖరమునకు పేరిచ్చిన జార్జి ఎవరెస్టు దొరకును మన తెలంగాణపు అడవులకును సంబంధమున్నది. భారతదేశమును త్రికోణములుగా కొలుచుచుండిన లాంబ్టన్ దొర హైదరాబాదులో నుండగా ఎవరెస్టు ఆయన క్రింద సహాయకుడుగా చేరెను. కృష్ణా గోదావరుల నడిమి అడవులలో కొలతలు తీయుచు విషజ్వరమున పడి, ప్రాణము దక్కించుకొనుటకు 1820లో గుడ్‌హోప్ అగ్రమునకు ఓడ యెక్కెను. కొండకు స్థానికుల పేరే యుండవలెనని వాదించి, దానికి తన పేరు పెట్టుటకు సమ్మతింపని మనిషి యాతడు, అయినను పెట్టిరి. దాని యెత్తును మొదట గణించినవాడు రాధానాథ్ సిక్దారు అను వంగదేశీయుడు. మన పాత పాఠ్యపుస్తకములలో దీనినే గౌరీశంకరమనియు వ్రాసిరి. అది పొరబాటు, గౌరీశంకరము వేరు శిఖరము, 7,134 మీటర్లది. ఎవరెస్టు ఎత్తు, 2020లో నేపాలు చైనా దేశములు కలిసి ప్రకటించిన ప్రకారము, 8,848.86 మీటర్లు.

అంత యెత్తునకు దారి భువనగిరిలో మొదలైనది. హైదరాబాదు నుండి వరంగల్లునకు పోవువారు రైలు కిటికీలో నుండి ఆ కొండను చూచియుందురు. పొదలును చెట్లును లేని ఏకశిల. పడుకొన్న యేనుగు వీపువలె నున్నది. చాళుక్యరాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరిట త్రిభువనగిరి యై, వాడుకలో భువనగిరియైనది. శత్రువు ఎక్కలేడనియే ఆ బండపై కోట కట్టిరి. వేయేండ్ల నాడు జనమును ఎక్కనీయకుండుటకు ఎన్నుకొన్న రాతిమీద ఈనాడు పిల్లలకు ఎక్కుట నేర్పుచున్నారు.

ఆ బడికి గురువు బచినేపల్లి శేఖర్ బాబు. 2007లో ఎవరెస్టు నెక్కిన తెలుగువాడు. గురుకులముల కార్యదర్శిగా నుండిన ఆర్. ఎస్. ప్రవీణ్ కుమార్ అప్పట్లో పోలీసు శాఖ ఉన్నతాధికారి. తానును సంక్షేమ వసతిగృహముల యన్నము తిని చదువుకొన్నవాడు. ఆ యిరువురి పూనికచే, గురుకులముల నుండి నూటికి పైబడిన పిల్లలు ఈ సాహసవిద్యకు ఎంపికైరి. వారిలో ఇరువదిమంది డార్జిలింగునకు వెళ్లిరి. అచ్చటి పర్వతారోహణ విద్యాలయము టెన్జింగ్ విజయమునకు గుర్తుగ 1954లో నెలకొల్పబడినది. టెన్జింగే అందు చాలకాలము శిక్షణాధిపతిగా నుండెను. ఆ యిరువదిమందిలో తొమ్మండుగురు చలికాలపు లడఖ్ చూచిరి. చివరకు మిగిలినవారు ఇద్దరు. తిరిగివచ్చిన నూరుమందిని గురించి పత్రికలు వ్రాయవు. నాకు మాత్రము వారిమీదనే మనసు పోవుచుండును. ఎత్తుజూచి కన్నులు తిరిగి, మరునాడు మరల బండకు కైవైచి, మూడవనాడు సగము బండ యెక్కి క్రిందికి చూచి నవ్విన పిల్లవాడు తన బడికి పోయి తోడివారికి ఏమి చెప్పియుండును?

బండ యెక్కుటలో నేర్చుకొనవలసిన మొదటి పాఠము ఎక్కుట కాదు, తాడు పట్టుట. ఒకడు పైకి ప్రాకుచుండ మరియొకడు క్రింద నిలిచి అతని నడుమునకు కట్టిన తాడును కొలదికొలదిగ వదలుచుండును. పైవాడు జారినచో క్రిందివాని చేతులలో అతని ప్రాణముండును. చూపు మరల్చరాదు, మాటలాడరాదు. మన బడులలో ఒకని మార్కు మరియొకనికి నష్టముగా పిల్లలకు నేర్పుచున్నాము గదా, ఇట్టి పాఠమొక్కటి మన పాఠ్యప్రణాళికలో నెచ్చటనైన నున్నదా?

ఎవరెస్టునకు వాడుకలో రెండు దారులు. నేపాలు మీదుగ దక్షిణపు దారి యొకటి, టిబెట్టు మీదుగ ఉత్తరపు దారి యొకటి. పదునారేండ్లు నిండనివారిని నేపాలు దేశము ఎక్కనీయదు. పిల్లలు ఉత్తరపు దారిని పోయిరి. ఆ దారిని తొలి విడిదివరకు, అనగా సుమారు 5,200 మీటర్ల యెత్తువరకు, బండ్లే పోవును. సుఖమనిపించును గాని అదియే చిక్కు. నడిచి పోయినవాని నెత్తురు దినదినమును పలుచని గాలికి అలవాటుపడును. బండిలో పోయినవానికి ఆ వ్యవధి యుండదు. అచ్చట గాలి ఒత్తిడి సముద్రతీరమున నున్నదానిలో రమారమి సగము, శిఖరమున మూడవవంతు. అందుచేత పగలు పైకెక్కి రాత్రి క్రిందికి దిగి నిద్రించుచు, వారములతరబడి శరీరమును మచ్చిక చేసికొనవలెను. ఆకలి చచ్చిపోవును. గ్రుక్కెడు నీటికి మంచు గడ్డలు కరగించుకొనవలెను.

6,400 మీటర్లకడ నొక విడిది. 7,000 మీటర్లకడ ఉత్తరపు కనుమపై నొకటి. అటుపైన గాలికి ఒరసికొని పోవు కొండనెత్తము. 8,600 మీటర్లు దాటినంతనే నిట్టనిలువు రాతిగోడ యొకటి యడ్డము వచ్చును. దానికి చైనావారు 1975లో ఒక నిచ్చెన బిగించిరి. 1924లో మల్లొరీ, ఇర్విన్ అను ఆంగ్లేయులు ఈ యుత్తరపు వైపునే మంచులో అదృశ్యులైరి. ఈ దారిలో మరణించినవారిలో పెక్కుమందిని క్రిందికి తేవు సాధనము లేక అక్కడనే విడిచిరి. పోవువారు వారి ప్రక్కనుండియే పోవలెను. పదుమూడేండ్ల పిల్ల అట్లే పోయినది.

ఆ యేడు ఏప్రిల్ 18న, దక్షిణపు దారిలో, ఖుంబు మంచుపాతమున హిమఖండము విరిగిపడి పదునారుగురు నేపాలీ కూలీలును మార్గదర్శులును మరణించిరి. పిల్లలు పోయినది ఆవలి వైపు. అయినను పర్వత మొక్కటే. పాకాలలో ఆ వార్త విన్న తల్లికి ఉత్తరమేదో దక్షిణమేదో ఎవరు విడమరచి చెప్పగలరు?

ఇక్కడ తప్పించుకొనరాని ప్రశ్న యొకటున్నది. పదుమూడేండ్ల బాలికను మృత్యుముఖమునకు తీసికొనిపోవుట ధర్మమా? పిల్ల ఇష్టపడినది, తలిదండ్రులు ఒప్పుకొనిరి అనిన చాలదు. ప్రభుత్వ పాఠశాల పెద్దలు వచ్చి అడిగినపుడు కూలివాడు కాదనుట మన దేశమున నంత సులభము కాదు. ఏదైన జరిగియుండినచో ఈనాడు పొగడుచున్న నోళ్లే ఆ గురువులను దూషించియుండును. 2010లో అమెరికా బాలుడొకడు పదుమూడేండ్లకే ఈ శిఖరమెక్కినప్పుడు ఆ దేశమునను ఈ వాదమే చెలరేగినది. నా మట్టుకు ఆ గురువులు దీనిని ఆటగా తలచలేదనియే నమ్ముచున్నాను. నూరుమందిని వడపోసి, శ్రద్ధతో రాయి, మంచు, చలి ఒక్కొక్కటే చూపి తీసికొనిపోయిరి. కాని ఇంతకంటె చిన్నవారిని ఎక్కింతుమను పోటీ మన రాష్ట్రములలో పుట్టినచో దానిని మొదట నాపవలసినవారు ఆ గురువులే. పన్నెండేండ్ల పిల్లకు భువనగిరి బండ చాలును. ఎవరెస్టు ఎచ్చటికిని పోదు.

ఖర్చును గురించిన ఆక్షేపణ నాకంత బలముగా తోచదు. ఆ ధనముతో ఎన్ని పలకలు, ఎన్ని దుప్పట్లు వచ్చెడివని లెక్క కట్టినవారున్నారు. వసతిగృహముల పిల్లలకు దుప్పట్లు తప్పక కావలెను. అయితే దుప్పటి యిచ్చితిమి గదాయని అంతటితో చేతులు దులుపుకొన్న దినములును మనకు తెలియును. శిఖరమున ఆ పిల్లలు జాతీయపతాకముతోపాటు అంబేడ్కరు చిత్రపటమును, ఎస్. ఆర్. శంకరన్ చిత్రపటమును నిలిపిరి. శంకరన్ బడుగువర్గముల కొరకు బ్రదుకు ధారపోసిన అధికారి, ప్రభుత్వమిచ్చిన పద్మభూషణమును వలదన్న మనిషి, 2010లో గతించెను. తన బొమ్మ అంత యెత్తున నిలుచునని తెలిసియుండినచో సిగ్గుపడియుండును.

గురువు ఎదుట నుండియే నేర్పవలెనని లేదు. విజయనగరము జిల్లా కోరుకొండ సైనిక పాఠశాలలో చదివిన ఉదయభాస్కరరావు అను సైనికాధికారి 1985లో ఎవరెస్టు యాత్రలో మరణించెను. ఆయన స్మారక విగ్రహమును ఆ బడిలో దినదినమును చూచుచు పెరిగినవాడు నెల్లూరు జిల్లా గాంధీజనసంఘము గ్రామపు మల్లి మస్తాన్ బాబు. పెద్ద చదువులు చదివి, ఉద్యోగము వదలి, 2006లో ఏడు ఖండముల ఏడు శిఖరములను 172 దినములలో ఎక్కి ప్రపంచమును ఆశ్చర్యపరచెను. 2015 మార్చిలో ఆండీస్ పర్వతములలో ఒంటరిగా ఎక్కుచు తిరిగిరాలేదు. నలుబదేండ్లవాడు. ఏప్రిలులో అతని శరీరము నెల్లూరు జిల్లాకు చేరినది. కొండలను గురించి పిల్లలకు చెప్పువారు ఈ కథను కూడ చెప్పవలెను, దాచిపెట్టరాదు.

పూర్ణ అచ్చటితో ఆగలేదు. 2016లో కిలిమంజారో, 2017లో ఎల్‌బ్రుస్, 2019లో ఆకంకాగువా, కార్‌స్టెన్స్, విన్సన్ ఎక్కి, 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలి యెక్కి ఏడు శిఖరములను ముగించినది. 2017లో ఆమె కథ హిందీ చలనచిత్రముగా వచ్చినది. ఏడింటిలోను మొదటిదే అన్నిటికంటె ఎత్తైనది. సాధారణముగా జనులు చిన్న కొండలతో మొదలుపెట్టి దానికడకు వత్తురు. ఈమె తొమ్మిదవ తరగతిలోనే దానిని ముగించుకొని, తక్కినవాటిని చదువు మధ్య మధ్య చూచుకొన్నది.