ఒక తండ్రి, ముగ్గురు కొడుకులు, మూడు దారులు

‘ఉపరాజు’ అన్న మాట మనకు కొత్తేం కాదు. మన దగ్గర్నుంచే ఆ మాట దూరాన ఉన్న లావోస్ దాకా వెళ్లింది. అక్కడి లువాంగ్ ప్రబాంగ్ రాజ్యంలో రాజు తర్వాత అంతటి మనిషి ఉపరాజే. 1920లో కన్నుమూసిన ఉపరాజు బున్ ఖోంగ్‌కు పదకొండుమంది భార్యలు, ఇరవైమందికి పైగా పిల్లలు. ఆ ఇంటి గురించి చదివినప్పటి నుంచీ నా ఆలోచనంతా ఆ తల్లుల చుట్టూనే తిరుగుతోంది.

పిల్లల్లో ముగ్గురి పేర్లు చరిత్రకెక్కాయి. ఫెత్సరాత్ (1890), సువన్న ఫూమా (1901) రాజవంశానికి చెందిన థోంగ్సీ కొడుకులు. సుఫానువోంగ్ (1909) తల్లి ఖామ్ ఊన్ మాత్రం మామూలు ఇంటి ఆడపిల్ల. తల్లులు వేరైనా ముగ్గురూ ఫ్రాన్సులో చదువుకున్నారు. 1945లో ముగ్గురూ ఒక్కటై ఫ్రెంచివాళ్లను ఎదిరించారు. మర్నాటి ఏడు ఫ్రెంచి సైన్యం తిరిగి రాగానే ముగ్గురూ థాయ్‌లాండ్‌లో తలదాచుకున్నారు.

ఆ తర్వాతే దారులు చీలాయి. ఫెత్సరాత్ 1957 దాకా పరాయి దేశంలోనే ఉండిపోయి, తిరిగొచ్చిన రెండేళ్లకు చనిపోయాడు. సువన్న ఫూమా పలుమార్లు ప్రధానమంత్రి అయ్యాడు. వియత్నాం అమ్మాయిని పెళ్లాడిన సుఫానువోంగ్ కమ్యూనిస్టుల పక్షాన నిలిచి ‘ఎర్ర రాకుమారుడు’ అనిపించుకున్నాడు. 1962లో అన్నదమ్ములిద్దరూ ఒకే ప్రభుత్వంలో కూర్చున్నారు గానీ, ఆ పొత్తు ఎన్నాళ్లో నిలవలేదు.

1964 నుంచి 1973 వరకు అమెరికా విమానాలు లావోస్ మీద ఇరవై లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించాయి. అందుకు ఒప్పుకున్నది అన్న. బాంబులకు తాళలేక కొండ గుహల్లో బతికింది తమ్ముడు. ఇంట్లో గోడవ వస్తే మధ్యలో నిలబడి సర్దిచెప్పేది అమ్మే కదా! ఈ గొడవను ఏ అమ్మ ఆపగలదు చెప్పండి?

1975లో రాచరికం పోయింది. తమ్ముడు దేశాధ్యక్షుడయ్యాడు. అన్న మాత్రం దేశం వదలకుండా, కొత్త ప్రభుత్వానికి సలహాదారుగా ఉంటూ 1984లో కన్నుమూశాడు. తమ్ముడు 1995లో వెళ్లిపోయాడు.

రాకుమారుల కథ అక్కడితో ముగిసింది. ఊళ్లల్లో ఆడవాళ్ల కథ మాత్రం ముగియలేదు. ఆనాడు పేలకుండా మట్టిలో మిగిలిన చిన్న చిన్న బాంబులు ఇప్పటికీ పొలాల్లో బయటపడుతూనే ఉన్నాయి. అవి చూడ్డానికి బంతుల్లా ఉంటాయి. పిల్లలు ఆడుకోబోయి చేతికి తీసుకుంటారు. అందుకే అక్కడి తల్లులు బిడ్డలకు చిన్నప్పుడే నేర్పాల్సిన పాఠం ఒకటుంది: నేల మీద కనపడిన దేన్నీ ముట్టుకోవద్దు.