మిగిలిన ముక్కలు కూడా ప్రభువు లెక్కలోనివే

ఆదివారం ఆరాధన ముగిశాక ఒక సహోదరి నా దగ్గరికి వచ్చింది. ప్రార్థన చేయమంటుందేమో అనుకున్నాను. ఆమె అడిగింది వేరే సంగతి. "అయ్యగారూ, మా వంటింట్లో మూడు బుట్టలు పెట్టుకున్నాను. తడి చెత్త ఒకదాంట్లో, పొడి చెత్త ఇంకోదాంట్లో వేస్తాను. పాల కవర్లు, పెరుగు డబ్బాలు కడిగి ఆరబెడతాను. పొద్దున్నే బండి వస్తుంది. ఆ అబ్బాయి అన్నీ తీసుకెళ్లి ఒకే కుప్పలో గుమ్మరిస్తాడు. ఈ మాత్రం దానికి నాకెందుకండీ ఈ తంటా?" ఆ మాటల్లో కోపం కంటే అలసట ఎక్కువగా వినిపించింది.

ఇది ఆత్మీయ విషయం కాదులెమ్మని దాటేయవచ్చు. కానీ ఆమె అడిగింది చెత్త గురించి మాత్రమే కాదు. ఎవరూ చూడని చోట, ఫలితం కంటికి కనిపించని చోట మంచి పని చేయడం దండగేనా అని అడిగింది. విశ్వాసికి ఈ ప్రశ్న రోజూ ఎదురవుతూనే ఉంటుంది.

ఆమె బాధ నిజమైనదే. తడి, పొడి, హానికర చెత్తను ఇంట్లోనే వేరు చేయాలని 2016లో కేంద్రం తెచ్చిన నిబంధనలు చెప్పాయి. 2021 అక్టోబరు 2న మన రాష్ట్రంలో క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం మొదలైనప్పుడు పట్టణాల్లో ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు పంచారు. కొన్ని ఇళ్లలో అవి బియ్యం డబ్బాలయ్యాయి, మరికొన్ని ఇళ్లలో పూలకుండీలయ్యాయి. నిజాయితీగా వాడినవారికీ సందేహాలు తప్పలేదు. కూర అంటిన కాగితం ఏ బుట్టలో వేయాలి? ఎండాకాలంలో తాగడానికే నీళ్లు చాలనప్పుడు పాల కవరు దేనితో కడగాలి? పిల్లలు తినే చిప్స్ ప్యాకెట్ లోపల వెండిలా మెరిసే పొర ఉంటుంది. ప్లాస్టిక్కూ లోహమూ అందులో కలిసిపోయి ఉంటాయి కాబట్టి వాటిని విడదీయడం కష్టం. పాత సామాన్లు కొనేవాళ్లు కూడా దాన్ని ముట్టుకోరు.

ఇక కొండవీడు చుట్టుపక్కల వారిది మరో ప్రశ్న. ఈ కొండల చెంతనే 2022 నుంచి చెత్తను కాల్చి కరెంటు తీసే ప్లాంటు ఉంది. దాని సామర్థ్యం 15 మెగావాట్లు. గుంటూరు, విజయవాడ లాంటి నగరాల చెత్త లారీల్లో అక్కడికి చేరుతుంది. "చివరికి అన్నీ కాల్చేదే కదా, వేరు చేయడమెందుకు?" అంటారు కొందరు. పొయ్యి ముందు కూర్చున్న ఏ తల్లినడిగినా దీనికి జవాబు చెబుతుంది. పచ్చి కట్టె మండదు, పొగ పెడుతుంది. మన పట్టణాల చెత్తలో సగం దాకా తడి చెత్తే ఉంటుంది. అన్నం మెతుకులు, కూరగాయల తొక్కలు కలిసిపోతే మండాల్సిన కాగితం కూడా తడిసి పాడవుతుంది. గాజు మండదు, ఇనుము మండదు. పాత బ్యాటరీలైతే ఆ మంటలోకి అసలు వెళ్లకూడదు. అదే తడి చెత్తను పెరట్లో గుంట తీసి వేస్తే మొక్కలకు ఎరువవుతుంది. ఖాళీ అల్యూమినియం డబ్బాను కరిగించి మళ్లీ లోహం చేయడానికి, ఖనిజం నుంచి కొత్తగా తీయడానికి పట్టే శక్తిలో ఇరవయ్యో వంతు చాలు. కాబట్టి కాల్చే చోటు ఉన్నా వేరు చేయడం వృథా కాదు.

అయినా ఒక మాట ఒప్పుకోవాలి. మూడు బుట్టలతో లోకం బాగుపడిపోదు. తక్కువ కొనడం, తక్కువ పారేయడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. చెత్త వేరు చేసినందుకు మనం నీతిమంతులమైపోము కూడా. రక్షణ దేవుని కృప వల్లనే కలుగుతుంది. మరి ఈ చిన్న పనిలో దేవుని ఉద్దేశం ఏమిటి?

యోహాను సువార్త 6వ అధ్యాయం చూడండి. ఐదు యవల రొట్టెలు, రెండు చేపలతో యేసుప్రభువు ఐదు వేలమంది పురుషులకు కడుపునిండా పెట్టాడు. మరుక్షణమే శిష్యులను పిలిచి, మిగిలిన ముక్కల్లో ఒక్కటి కూడా పాడు కాకుండా పోగు చేయమన్నాడు. పన్నెండు గంపలు నిండాయి. రొట్టెలను అంతగా పెంచగలిగినవాడికి మిగులుతో పనేముంది? అవసరమైతే మళ్లీ పెంచగలడు. అయినా ఆయన వాటిని లెక్కలోకి తీసుకున్నాడు. సమృద్ధి ఇచ్చే దేవుడు వృథాను ఇష్టపడడు. ఇంకో సంగతి గమనించండి. ఆ ముక్కలు ఏరింది కూలివాళ్లు కాదు, శిష్యులే. అద్భుతం చూసిన చేతులే వంగి గడ్డి మీది ముక్కలు ఏరాయి.

నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయంలో యెరూషలేము ప్రాకారాన్ని ఎవరెవరు ఎక్కడెక్కడ కట్టారో పేరుపేరునా రాసి ఉంది. పట్టణపు చెత్త బయటికి పోయే ద్వారం పేరు పెంట గుమ్మం. దాన్ని బాగుచేసింది ఎవరో తెలుసా? ఒక ప్రదేశానికి అధిపతి, మల్కీయా. తెకోవ ఊరి ఘనులు మాత్రం ఆ పనికి మెడ వంచలేదని అదే అధ్యాయం చెబుతుంది. అధిపతి చెత్త గుమ్మం దగ్గర నిలబడ్డాడు కాబట్టి ఆ పని అవమానం కాలేదు. యాభై రెండు రోజుల్లో ప్రాకారం పూర్తయింది.

మన దగ్గర ఆ గుమ్మంలో నిలబడి ఉన్నదెవరు? మనం కలిపి పడేసినదాన్ని ఎవరో ఒకరు చేతులతో వేరు చేస్తున్నారు. పగిలిన గాజు ముక్క, వాడిపారేసిన సూది, పసిపిల్లల డైపరు అన్నీ ఆ చేతులకే తగులుతున్నాయి. మన పల్నాడు సంఘాల్లో ఆ పని చేసేవాళ్లు మనకు పరాయివాళ్లు కాదు. ఆదివారం మనతో కలిసి ప్రభుబల్లలో పాలుపొందిన చెయ్యే సోమవారం మన బుట్ట ఎత్తుతుంది. బల్ల దగ్గర సహోదరుడని పిలిచి, బుట్టలో గాజుపెంకు దాచిపెడితే ఆ పిలుపుకు అర్థమేముంది?

ఆ సహోదరికి ఇదే చెప్పి, ఒకసారి ఆ అబ్బాయితో మాట్లాడి చూడమన్నాను. రెండు వారాల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది. కోపం పక్కనపెట్టి అడిగిందట, "ఎందుకు నాయనా అన్నీ కలిపేస్తావు?" అని. "వీధిలో మిగతావాళ్లంతా కలిపే ఇస్తారమ్మా. ఒక్క ఇంటి కోసం బండిలో వేరే చోటు ఎక్కడ పెట్టను? కానీ మీ ఇంటి బుట్టలో మాత్రం భయం లేకుండా చెయ్యి పెడతాను" అన్నాడట. ఆమె నష్టమనుకున్న శ్రమ ఒక మనిషి చేతిని కాపాడుతోందని ఆ రోజు తెలిసింది. ఆమె అంతటితో ఆగలేదు. స్త్రీల కూడికలో ఈ మాట చెప్పింది. ఇప్పుడు ఆ వీధిలో ఎనిమిది ఇళ్లవాళ్లు వేరు చేసి ఇస్తున్నారు. ఆ అబ్బాయి బండి పక్కన పొడి చెత్తకు ఒక గోనెసంచి కట్టాడు.

కొండవీటి చాంతాడు అని మనకో నానుడి ఉంది. ఆ కొండసీమలో బావులు లోతైనవి, అందుకే చాంతాడు అంత పొడుగు అంటారు. మన వంటింటి బుట్ట నుంచి తిరిగి కాగితమో లోహమో తయారయ్యే చోటి దాకా ఉన్న దారి కూడా అలాంటి చాంతాడే. అందులో మన చేతికందేది ఒక్క మూర. మిగతా తాడు ఎక్కడ తెగిందోనని మన మూర మనం వదిలేస్తే నీళ్లు ఎన్నటికీ పైకి రావు. తెగిన చోటు కనిపిస్తే పదిమందీ కలిసి వెళ్లి పంచాయతీనో మున్సిపాలిటీనో మర్యాదగా అడగాలి. అదీ విశ్వాసుల బాధ్యతే.

మందిరం నుంచే మొదలుపెడదాం. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులను దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించారు. అయినా మన ప్రేమవిందుల తర్వాత మందిరం వెనక ఏం పేరుకుంటోందో ఒకసారి చూడండి. విస్తరాకులు, స్టీలు గ్లాసులు మనకు కొత్తవి కావు. పగిలిన గాజును కాగితంలో చుట్టి వేరుగా ఇవ్వడానికి ఒక్క నిమిషం చాలు. కొంచెములో నమ్మకంగా ఉండేవాడినే ప్రభువు గొప్పవాటిలోనూ నమ్ముతాడు. ఈ రాత్రి మీ వంటింటి బుట్ట మూత వేసేముందు, రేపు దాన్ని ఎత్తే చేతిని ఒక్కసారి తలచుకోండి.