గోడెక్కిన బాంబర్

హాల్లో సోఫా వెనక గోడ బోసిగా కనిపిస్తే ఒకప్పుడు స్విట్జర్లాండ్ మంచుకొండల సీనరీనో, బోసినవ్వుల పాపాయి పోస్టరో తెచ్చి తగిలించేవాళ్లం. ఇప్పుడు ఆ వరసలోకి రెండో ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ విమానం కూడా వచ్చి చేరింది. నలుపు తెలుపు ఫొటో, చుట్టూ వెడల్పాటి తెల్ల అంచు, సన్నటి నల్ల ఫ్రేము. దాంతో గదికే ఓ పాతకాలపు దర్జా!

చూడ్డానికి బాగుంటుంది, కాదనలేం. అమెరికా వాళ్ల బి-17నే తీసుకోండి. నాలుగు ఇంజిన్లు, సుమారు 104 అడుగుల రెక్కలు, అద్దాల ముక్కు, రివెట్ల వరసలు మెరిసే అల్యూమినియం ఒళ్లు. 'ఫ్లయింగ్ ఫోర్ట్రెస్' అని పేరు, అంటే ఎగిరే కోట. ఇలాంటివి 12,700కు పైగా తయారయ్యాయి. కానీ జనం గుర్తుంచుకున్నది ముఖ్యంగా ఒక్కదాన్నే... 'మెంఫిస్ బెల్'.

సుందరి కథ

బెల్ అంటే అందగత్తె. పైలట్ రాబర్ట్ మోర్గాన్ మనసిచ్చిన మార్గరెట్ పోక్‌ది మెంఫిస్ నగరం. ఆమెను తలచుకుంటూ విమానానికి ఆ పేరు పెట్టుకున్నాడు. ముక్కుకి ఇరువైపులా ఈతదుస్తుల్లో ఫోన్ పట్టుకున్న అమ్మాయి బొమ్మ వేయించాడు. అది జార్జ్ పెట్టీ అనే చిత్రకారుడు పత్రికకు గీసిన బొమ్మకు నకలు. ఒకవైపు నీలం దుస్తులు, రెండోవైపు ఎరుపు.

ఆ రోజుల్లో పాతిక దాడులు పూర్తిచేసిన సిబ్బందిని ఇంటికి పంపేవారు. పాతికేగా అనుకోకండి. ఇంగ్లండ్‌లో లేచి జర్మనీ దాకా వెళ్లి రావాలి. పాతిక వేల అడుగుల ఎత్తున, గాలి జొరబడే విమానంలో, సున్నా కంటే 40 డిగ్రీలు దిగువన ఉండే చలిలో! మోర్గాన్ సిబ్బంది 1943 మే 17న పాతిక పూర్తిచేసేనాటికి ఆయన వయసు 24. నిజానికి 'హెల్స్ ఏంజెల్స్' అనే మరో విమానం నాలుగు రోజుల ముందే ఆ లెక్క దాటింది. పేరు మాత్రం బెల్‌కే దక్కింది. ముందుగా స్వదేశానికి తిరిగొచ్చి ఊరూరా ప్రచారం చేసింది అదే. విలియం వైలర్ డాక్యుమెంటరీ తీసిందీ దాని మీదే. మోర్గాన్, మార్గరెట్‌ల పెళ్లి మాత్రం జరగలేదు. విమానం మెంఫిస్‌లో ఎండకీ వానకీ ఏళ్ల తరబడి నానిపోయి, చివరికి బాగుపడి 2018 మే 17న ఒహాయో రాష్ట్రం డేటన్‌లోని వైమానిక దళ మ్యూజియంలో కొలువుదీరింది.

ఇది సుఖాంతమైన ఫొటో. అన్నీ అలా ఉండవు. ఆకాశంలో ఒక బి-17, దాని ఎడమ తోకరెక్క విరిగిపోయి ఉన్న ఫొటోలు కొన్ని పుస్తకాల్లో తరచూ కనిపిస్తాయి. 1944 మే 19న, బెర్లిన్ మీద. ఆ విమానం పేరు 'మిస్ డోనా మే-2'. పైన ఎగురుతున్న సొంత దళం విమానం వదిలిన బాంబే దాన్ని తాకింది. లోపలున్న 11 మందీ చనిపోయారు. వివరం తెలియకపోతే అదో అద్భుతమైన కంపోజిషన్. తెలిశాక దాని ఎదురుగా కూర్చుని టీ తాగడం నావల్ల కాదు.

ఈ ఫొటోల్లో అసలు కనిపించనివాళ్లు కిందున్నవాళ్లు. 1943 జులైలో బ్రిటిష్, అమెరికా విమానాల దాడులకు హాంబర్గ్ నగరంలో 30 వేల మందికి పైగా చనిపోయారు. అంతదూరం ఎందుకు? 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన బాంబర్లు మన విశాఖపట్నం, కాకినాడల మీదికే వచ్చాయి. 'బాంబులు పడ్డ రోజులు' అంటూ పాత తరంవాళ్లు చెప్పుకున్నది ఆ సంగతే.

అలాగని బాంబర్ ఫొటో పెట్టుకోకూడదని కాదు. నన్నడిగితే ఆల్‌ఫ్రెడ్ పామర్ 1943లో టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లోని వల్టీ ఫ్యాక్టరీలో తీసిన రంగుల ఫొటోకి ఓటేస్తా. తలకు గుడ్డ కట్టుకున్న ఒకమ్మాయి డ్రిల్లింగ్ మిషన్‌తో 'వెంజెన్స్' బాంబర్‌కి రంధ్రాలు వేస్తుంటుంది. ఆ రకం విమానాలనే మన వైమానిక దళం 7, 8 స్క్వాడ్రన్లు బర్మా సరిహద్దు పోరులో జపాన్ సేనల మీద వాడాయి.

ఈ ఫొటో కోసం డబ్బు పెట్టక్కర్లేదు. అమెరికా ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో తీసిన ఫొటోలకు ఆ దేశంలో కాపీరైట్ ఉండదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్లో పెద్ద సైజు ఫైలే దొరుకుతుంది. 16 బై 20 అంగుళాల ప్రింటు నాణ్యంగా రావాలంటే 4800 బై 6000 పిక్సెళ్లు ఉండాలి. మ్యాట్ పేపరైతే ట్యూబులైటు మెరుపు కళ్లల్లో కొట్టదు. ఎండ నేరుగా పడే గోడ వద్దు. అద్దానికీ ఫొటోకీ మధ్య మౌంటు అట్ట తప్పనిసరి, లేకపోతే వానాకాలం చెమ్మకి కాగితం అద్దానికి అతుక్కుపోతుంది.

ఇంకొకటి. ఫ్రేము కట్టించడానికి ఇచ్చేముందు ప్రింటు వెనక అంచున విమానం పేరు, ఊరు, తేదీ, అందులో ఉన్నవాళ్ల పేర్లు దొరికితే అవీ రాసిపెట్టండి. మెత్తటి పెన్సిల్‌తోనే సుమా, పెన్నుతో రాస్తే ఇంకు ముందువైపుకి దిగుతుంది.