కళాశాలలో మొదటి యేడు

బాలికను కళాశాలలో చేర్చిన దినమున తల్లిదండ్రులు తమ భారము తీరినదని తలంతురు. ఇంటర్మీడియేటు పరీక్షలో నెగ్గుటయు, ప్రభుత్వమువారి ‘దోస్తు’ పద్ధతిచే సీటు దొరకుటయు, ఉపకారవేతనమునకు అర్జీ పెట్టుటయు ముగిసినచో ఇక చదువు తనంతట తానే సాగునని వారి నమ్మకము. సోదరీమణులారా! ఈ నమ్మకమే మన బాలికలకు పెక్కుసారులు చేటు తెచ్చుచున్నది. కళాశాలలో చేరుట వేఱు, అందు నిలుచుట వేఱు, పట్టము పుచ్చుకొని వెలుపలికి వచ్చుట వేఱు. చదువు మానెడి బాలిక ‘నేను మానుచున్నాను’ అని యెవరితోను చెప్పదు. మొదట వారమునకు రెండు దినములు పోకుండును. పిమ్మట పరీక్షరుసుము గడువు దాటిపోవును. అటుపై ఇంట పెండ్లిమాట పుట్టును. ఏడు తిరుగునప్పటికి హాజరుపట్టీలో పేరు మాత్రమే మిగులును.

కావున ఎంతమంది చేరిరను లెక్కకంటె ఎంతమంది గట్టెక్కిరను లెక్కయే ముఖ్యమని మా యభిప్రాయము. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమల తల్లులను ముఖ్యముగా మనసున నుంచుకొని ఈ విషయమును ముచ్చటింతుము.

ఈ మూడు జిల్లాలును 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన ప్రధానముగా పూర్వపు వరంగల్లు జిల్లానుండి వేఱుపడి యేర్పడినవి. జనగామ మెట్టభూముల సీమ. సికిందరాబాదునుండి కాజీపేటకు పోవు రైలుమార్గము దానికి తోడు. పూర్వము మానుకోటయని పేరుగన్న మహబూబాబాదున బంజారాల తండాలు మెండు. ఆ జిల్లా జనులలో మూడవవంతునకు మించి గిరిజనులే. భూపాలపల్లి అడవులకును బొగ్గుగనులకును నెలవు. ఆ పట్టణమునకు పోవువారు మోటారుబస్సునే నమ్ముకొనవలయును. పై చదువులకు ఈ సీమలవారు చిరకాలముగా హనుమకొండ వంకకే చూచుచుండిరి. 1976లో స్థాపింపబడిన కాకతీయ విశ్వవిద్యాలయము అచ్చటనే కలదు.

ఇటీవల తలుపులు పెక్కు తెఱవబడినవి. మహబూబాబాదున 2022లోను, జనగామలోను భూపాలపల్లిలోను 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమైనవి. భూపాలపల్లికి పొరుగుననున్న ములుగునందు సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమును నెలకొల్పుటకు 2023లో పార్లమెంటు చట్టము చేసినది. దొరలకు లొంగక తన పంటను నిలుపుకొన్న చాకలి ఐలమ్మ జనగామ జిల్లా పాలకుర్తి వాసురాలు. హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరిడుదుమని 2024లో రాష్ట్రప్రభుత్వము ప్రకటించినది. తలుపు తెఱచుట ప్రభుత్వముల పని. గడప దాటినవారిని చేయిపట్టి నడిపించు పనిలో కళాశాలకును, ఊరికిని, తల్లికిని పాలు కలదు. ఈ పనిని అన్యదేశములవారు కొందఱు శ్రద్ధతో పరీక్షించి చూచిరి. వారి యనుభవము మనకును పనికివచ్చును.

మొదటి యడ్డంకి దారి. అమెరికాలో న్యూయార్కు నగర విశ్వవిద్యాలయమువారు 2007లో బీదవిద్యార్థులకై ఒక ఏర్పాటు చేసిరి. రుసుములో తక్కువపడిన భాగమును తామే భరించిరి. పాఠ్యపుస్తకముల ఖర్చునకు సాయపడిరి. నగరములో బస్సులకును రైళ్లకును చెల్లు టిక్కెట్ల నిచ్చిరి. ప్రతి విద్యార్థికిని ఒక సలహాదారును నియమించి, వారిని తఱచుగా కలిసికొనవలయునని నియమము పెట్టిరి. పిదప చీట్లు వేసినట్లుగా విద్యార్థులను రెండు తెగలుగా విడదీసి, ఒక తెగకు ఈ సాయము నిచ్చి, రెండవ తెగకు మామూలు పద్ధతినే యుంచి చూచిరి. మూడేండ్లు గడచునప్పటికి మామూలు తెగలో నూటికి 22 మంది పట్టము పొందగా, సాయము పొందిన తెగలో నూటికి 40 మంది పొందిరి. ఒహాయో రాష్ట్రమునందును ఇట్లే చేసి చూడగా ఇట్టి ఫలమే కనబడినది. ఏ యొక్క సాయముచేతనో ఇది జరుగలేదు. అన్నియు ఒక్కమాఱుగా అందుటచే జరిగినది.

మన రాష్ట్రమున 2023 డిసెంబరు 9వ తేదీనుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలు టిక్కెట్టు కొనకయే ప్రయాణము చేయుచున్నారు. న్యూయార్కువారి టిక్కెట్టు మన బాలికలకును దొరకినట్లే. అయినను బస్సు వేళయు కళాశాల వేళయు కలియకున్నచో ఈ మేలు సగమే. ఉదయము బస్సు తప్పినచో మొదటి రెండు పాఠములును తప్పును. సాయంకాలము బస్సు ఆలస్యమైనచో ఇంటివారి గుండె గుబగుబలాడును. మఱునాడు ‘ఇక పోవలదు’ అను మాట వెడలును. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడింటను బస్సుడిపోలు గలవు. ఒక మార్గమున పోవు బాలికల తల్లులు పదిమంది కూడి డిపో అధికారికి వేళను గూర్చి మహజరు వ్రాసినచో అది ఒక్క తండ్రి మొఱకంటె బలముగా వినబడును.

రెండవ యడ్డంకి చిన్న సొమ్ము. అట్లాంటా నగరమునందలి జార్జియా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు కొంచెము బాకీ తీర్పలేక పేరు కొట్టివేయబడు విద్యార్థులు పెక్కుమంది కలరని గ్రహించి, 2011నుండి అట్టివారికి వెంటనే చిన్న మొత్తములను దానమిచ్చుచు వచ్చిరి. మఱుసటి యేడు ఇంకొక పద్ధతి పెట్టిరి. విద్యార్థి యొక పాఠములో వెనుకబడిన జాడ కనబడగానే సలహాదారుడే అతనిని పిలిచి మాటలాడును. విద్యార్థి వచ్చి మొఱపెట్టుకొనువఱకు వారు వేచియుండరు.

మనకడ బోధనరుసుమును ప్రభుత్వము చెల్లించు పద్ధతి ఉమ్మడి రాష్ట్రమున 2008 ప్రాంతమున వచ్చినది. దానివలన లక్షలాది కుటుంబములకు మేలు కలిగినది. కాని ఆ సొమ్ము ఆలస్యమైనప్పుడు కళాశాలలు విద్యార్థిని నడుగును. విద్యార్థిని ఇంట నడుగుటకు జంకును. పరీక్షరుసుము, రికార్డు పుస్తకములు, ఒక నెల భోజనపుఖర్చు – ఇవి పెద్దమొత్తములు కావు గాని, పత్తి అమ్ముడుపోని నెలలో అవియే కొండలు. ఊరూర మహిళాసంఘములు పొదుపు చేసి అప్పులిచ్చుచున్నవి. గేదెకు, కుట్టుమిషనుకు అప్పిచ్చు సంఘము పరీక్షరుసుమునకై కొంత వేఱుగా నుంచి, గడువునకు ముందే అందించుట అసాధ్యము కాదు.

పత్తి మాట వచ్చినది గనుక ఇంకొక సంగతి. పత్తి యేరు దినములును మొదటి సెమిస్టరు పరీక్షల దినములును ఇంచుమించు ఒక్కమాఱే వచ్చుచుండును. కూలీలు దొరకని యింట బాలిక చేతులే దిక్కు. ఆ పక్షము రోజులు బాలికను పొలమునకు పంపక నిలుపుట తల్లికి సులువు కాదని మేమెఱుగుదుము. అయినను ఆ పక్షమే ఆమె సంవత్సరమును నిర్ణయించును.

మూడవ యడ్డంకి భాష. తండాబాలిక ఇంట గోర్‌బోలి మాటలాడును. బడిలో తెలుగు నేర్చును. కళాశాలలో పాఠము ఇంగ్లీషున వినును. మూడు భాషల మెట్లెక్కి వచ్చిన బాలిక తెలివితక్కువది కాదు. ఒక్క భాషలోనే పెరిగిన పట్టణపు బాలికకంటె ఎక్కువ శ్రమపడినది. దక్షిణాఫ్రికాలో ఇట్టి చిక్కునకు విశ్వవిద్యాలయములు కొన్ని మూడేండ్ల చదువును నాలుగేండ్లకు పంచి, మొదటి దినములలో భాషను, పునాదిపాఠములను నేర్పుచున్నవి. మన దేశమున విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు, చదువు ఇంగ్లీషున సాగినను విద్యార్థులు తమ భాషలో పరీక్ష వ్రాయుటకు అనుమతింపుడని 2023 ఏప్రిలులో విశ్వవిద్యాలయములను కోరిరి. తెలుగులో కళాశాలగ్రంథములను ప్రకటించుటకు తెలుగు అకాడమి 1968లోనే ఏర్పడినది. మొదట విషయమును తెలుగున గ్రహించి, పిమ్మట ఇంగ్లీషున చదివినచో పాఠము భయపెట్టదు. ఈ సౌకర్యములు గలవని చేరిన వారములోనే బాలికకు చెప్పువా రుండవలెను.

నాలుగవ యడ్డంకి ఒంటరితనము. దీనిని తల్లులు తఱచు గమనింపరు. 1970వ దశాబ్దిలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున యూరి ట్రైస్‌మన్ అను గణితోపాధ్యాయుడు నల్లజాతి విద్యార్థులు గణితమున తప్పిపోవుటకు కారణమును వెదకెను. వారికి శ్రద్ధ లేదనియు, ఇంటివారి ప్రోత్సాహము లేదనియు పలువురు చెప్పుచుండిరి. ఆయన విచారింపగా ఆ రెండును నిజము కావని తేలినది. వారు శ్రద్ధగానే చదువుచుండిరి గాని ఒంటరిగా చదువుచుండిరి. చీనా విద్యార్థులు మాత్రము కూడి కూర్చుండి, ఒకరి తప్పు నొకరు దిద్దుకొనుచుండిరి. ట్రైస్‌మన్ గుంపులుగా కూర్చుండబెట్టి కఠినమైన లెక్కలే యిచ్చి చేయింపగా ఆ విద్యార్థుల ఫలితములు చక్కబడినవి.

మన వసతిగృహములలో గుంపునకు కొఱత లేదు. గుంపుగా చదువుటయే కొఱత. నలుగురు బాలికలు దినమునకు ఒక గంట కూర్చుండి, తమకు తెలియనిదానిని నలుగురి యెదుట అడుగు నలవాటు చేసికొనిన చాలును. తెలియదని చెప్పుటకు సిగ్గుపడని గదిలోనే చదువు నిలుచును. ఇంటినుండి పోయివచ్చు బాలికకు ఈ గంట దొరకదు గనుక, ఆమెకొక స్నేహితురాలి యింట కూర్చుండి చదువుకొనుటకు పెద్దలు అనుమతి యీయవలెను.

ఇక పెండ్లిమాట. బాలికకు పదునెనిమిదేండ్లు నిండనిదే పెండ్లి చేయరాదని 1978నుండి మన చట్టము చెప్పుచున్నది. బాలిక కళాశాలలో చేరుట కూడ ఇంచుమించు ఆ వయసుననే. చదువు తలుపును పెండ్లి తలుపును ఒకే యేట తెఱచుకొనుచున్నవి గనుకనే మొదటి యేడు గండముగా నున్నది. సంబంధము మంచిదే కావచ్చును. మూడేండ్లు ఆగమని యడుగుటలో తప్పు లేదు.

అయినను ఆగిపోయిన చదువులు ఉండనే యుండును. అట్టి సోదరి నిరాశపడ నక్కఱలేదు. 1909లో రాజమహేంద్రవరమున పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదేండ్లకే పెండ్లి చేసిరి. ఆమె ఆ బంధమునుండి విడివడి, స్వాతంత్ర్యోద్యమమున చెఱసాలకు పోయివచ్చి, పిమ్మట ఆంధ్ర విశ్వవిద్యాలయమున పట్టములు పొంది, 1942లో మద్రాసున న్యాయశాస్త్రము ముగించెను. చదువు తెగిన స్త్రీలకై సంక్షిప్త విద్యాక్రమములను కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1958లో ఆరంభించినప్పుడు ఆ మండలికి అధ్యక్షురా లామెయే. 1982లో మన హైదరాబాదున దేశమునకెల్ల మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. నేడది అంబేడ్కరు పేర నడచుచున్నది. ఇంట నుండి చదువుకొని, అధ్యయనకేంద్రమున పాఠములు విని పట్టము పొందవచ్చును.

కళాశాల తెఱచిన మొదటి మూడునెలలలో తల్లులు బాలికను నాలుగు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి. బస్సు వేళకు దొరకుచున్నదా? కట్టవలసిన సొమ్మేమైన మిగిలినదా? ఏ పాఠము భాష అడ్డువచ్చి తెలియకున్నది? కూడి చదువుటకు తోడెవరు? ‘బాగుగా చదువుచున్నావా’ యని యడిగిన బాలిక ‘ఔను’ అనియే చెప్పును. ఈ నాలుగు అడిగినచో నిజము తెలియును. తెలిసిన దినముననే, ఇంకను చక్కదిద్దుటకు వ్యవధి యుండగానే, కళాశాలకు పోయి అధ్యాపకులతో మాటలాడవలెను. చదువురాని తల్లికి కళాశాల గుమ్మము ఎక్కుట జంకుగా నుండవచ్చును. పొరుగున చదువుకొన్న సోదరి యుండిన ఆమె వెంట పోవుట ఈ పత్రిక చదువువారందఱు చేయదగిన పని.