కదలని ఇంజను

రోగి యొద్దకు వచ్చిన వైద్యుడు వెంటనే మందు ఈయడు. ముందుగా నాడి చూచును, నాలుక చూచును, నొప్పి ఎచ్చట ఉన్నదో అడిగి తెలిసికొనును. ఏ అవయవమున దోషము కలదో నిశ్చయించుకొనిన పిమ్మటనే చికిత్సకు పూనుకొనును. యంత్రముల విషయమునను ఈ నియమమే వర్తించును. దోషమెచ్చటనో తెలియక చేయు మరమ్మతు చీకటిలో విసరిన రాయి వంటిది.

కలకత్తాకు సమీపమున, హుగ్లీ నదీతీరమున గల ఉత్తరపారాలో అంబాసిడరు కారులు తయారగుచుండెడివి. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు కారు వానికి మూలము. 2014వ సంవత్సరమున వాని తయారీ నిలిచిపోయినది. అట్టి పాత కారొకటి పల్లెలో ఉన్నదనుకొనుడు. అది వానాకాలపు రాత్రి. ప్రసవవేదన పడుచున్న ఒక స్త్రీని పట్టణమందలి ఆసుపత్రికి చేర్పవలెను. ఆమెను వెనుక సీటులో పరుండబెట్టిరి. డ్రైవరు తాళపుచెవి త్రిప్పెను. ‘టక్’ మని ఒక్క శబ్దము వినవచ్చెను. అంతే! ఇంజను కదలలేదు.

చుట్టును చేరినవారు తలకొక సలహా చెప్పిరి. పెట్రోలు అయిపోయినదని ఒకడు, కార్బ్యురేటరులో మురికి చేరినదని మరియొకడు, ప్లగ్గులు తడిసినవని వేరొకడు పలికిరి. బండిని త్రోయుదమన్నచో చక్రములు బురదలో దిగియున్నవి. హ్యాండిలు ఏనాడో పోయినది. ఒక్కొక్క క్షణము విలువైనది. అట్టి సమయమున డ్రైవరునకు కావలసినది తొందరపాటు కాదు, సరియైన ఆలోచన.

ఇంజను మొరాయించుట రెండు విధములు. మొదటి విధమున ఇంజను గిరగిర తిరుగును గాని అందుకొనదు. అప్పుడు దోషము పెట్రోలునందో, నిప్పురవ్వయందో వెదకవలెను. రెండవ విధమున ఇంజను అసలే తిరుగదు. తిరుగని ఇంజను పెట్రోలును పీల్చుకొనజాలదు. నిప్పురవ్వతో దానికింకను పనియే లేదు. కావున ఆ రాత్రి చెప్పిన సలహాలలో మూడును ఆ కారునకు సంబంధించినవి కావు. అవి వేరొక జబ్బునకు మందులు.

ఇంజనును మొదట ఎవరో ఒకరు త్రిప్పవలసిన అవసరమేమి? పిస్టను క్రిందికి దిగినప్పుడే పెట్రోలు ఆవిరి కలిసిన గాలి సిలిండరులోనికి వచ్చును. పిస్టను పైకి లేచినప్పుడే అది నొక్కబడును. పిమ్మట నిప్పురవ్వ తగిలి మండి, పిస్టనును బలముగా క్రిందికి నెట్టును. ఈ మొదటి మంట కలుగువరకు ఇంజను తనంతట తాను కదలలేదు. పూర్వము కారు ముందు నిలిచి, ఇనుప హ్యాండిలుతో దానిని త్రిప్పెడివారు. ఒక్కొక్కప్పుడు అది ఎదురు తన్నగా మణికట్టు ఎముకలు విరిగెడివి. అమెరికా దేశీయుడైన చార్లెస్ కెట్టరింగు విద్యుత్తుతో ఇంజనును త్రిప్పు సాధనమును రూపొందించెను. 1912వ సంవత్సరపు కాడిలాక్ కారులలో అది అమర్చబడెను. దానినే సెల్ఫు స్టార్టరు అందురు.

ఈ సాధనము పనిచేయు తీరు తెలిసినచో దోషమును పట్టుట సులభము. బ్యాటరీ నుండి బొటనవ్రేలంత లావుగల తీగ సోలినాయిడు అను స్విచ్చి వద్దకు పోవును. అచ్చటినుండి స్టార్టరు మోటారునకు పోవును. మోటారు తిరుగుచు ఒక చిన్న పండ్లచక్రమును ముందుకు నెట్టి, ఇంజనుయొక్క పెద్ద చక్రమైన ఫ్లైవీలు పండ్లతో దానిని కలుపును. విద్యుత్తు తిరిగి వచ్చుటకు వేరు తీగ లేదు. ఇంజను లోహము, దానిని కారు దేహమునకు కలుపు ఎర్తు పట్టీ, కారు దేహము—ఇవియే తిరుగు దారి. తాళపుచెవి నుండి సోలినాయిడునకు మాత్రము ఒక సన్నని తీగ పోవును. ఈ దారిలో ఏ ఒక్క కీలు చెడినను ఇంజను కదలదు.

పరీక్షకు మొదటి పనిముట్టు కారు ముందరి దీపమే. దీపములు వెలిగించి తాళపుచెవి త్రిప్పవలెను. దీపములు ఏ మాత్రము తగ్గక, శబ్దమును వినరానిచో, సోలినాయిడునకు ఆజ్ఞయే చేరుటలేదు. సన్నని తీగను, తాళపు స్విచ్చిని, సోలినాయిడును చూడవలెను. ‘టక్’ మను శబ్దము వినవచ్చియు దీపములు తగ్గనిచో, సోలినాయిడు లోపలి మొనలు కాలిపోయినవనియో, మోటారు బ్రష్షులు అరిగిపోయినవనియో, ఎర్తు పట్టీ తెగినదనియో తలపవలెను. దీపములు ఒక్కసారిగా మిణుకుమిణుకు మన్నచో, మూడు కారణములు ఉండవచ్చును. బ్యాటరీ నీరసించియుండవచ్చును, దాని కొసలయొద్ద కీలు చెడియుండవచ్చును, లేదా మోటారో ఇంజనో బిగిసిపోయియుండవచ్చును.

తాళపుచెవి త్రిప్పకమునుపు దీపములు చక్కగా వెలిగినంత మాత్రమున బ్యాటరీయు కీళ్ళును బాగున్నవని తలపరాదు. ఇందులకు కారణము చిన్న లెక్కవలన తెలియును. 45 వాట్ల దీపములు రెండు వెలిగినను 12 వోల్టుల బ్యాటరీ నుండి 8 ఆంపియర్ల లోపు ప్రవాహమే కావలెను. స్టార్టరు మోటారునకు 150 ఆంపియర్లో, అంతకు మించియో కావలెను. బ్యాటరీ కొస మీద మలినము పేరుకొని 0.04 ఓము నిరోధము కల్పించినదనుకొనుడు. దీపములకు అందుమూలమున పోవునది వోల్టులో మూడవ వంతు మాత్రమే. కంటికి ఆ భేదము తెలియదు. మోటారునకు 150 ఆంపియర్లు కావలసివచ్చినపుడో, 6 వోల్టులు ఆ మలినమునొద్దనే నశించును. సగము బలము దారిలోనే పోయిన తరువాత మోటారు ఎట్లు తిరుగును? పిల్లకాలువలో పడిన గడ్డిమోపు సన్నని ధారను ఆపదు. వరదనీటికి మాత్రము అదియే అడ్డుకట్ట.

బ్యాటరీ బలమును కొలుచుటకు సాధనములు కలవు. 12 వోల్టుల బ్యాటరీలో ఆరు గదులుండును. అది నిండుగా ఉండి విశ్రాంతిలో ఉన్నప్పుడు వోల్టుమీటరు సుమారు 12.6 చూపును. 12కు దిగువనున్నచో దానిలో బలము దాదాపు లేనట్లే. మూతలు తీయుటకు వీలున్న పాత బ్యాటరీలలో హైడ్రోమీటరుతో ఆమ్లద్రవపు సాంద్రతను చూచెదరు. నిండు బ్యాటరీలో అది నీటికి సుమారు 1.26 మొదలు 1.28 రెట్లుండును. ఒక్క గదిలో మాత్రమే మిక్కిలి తక్కువగా ఉన్నచో ఆ గది చెడినదని తెలిసికొనవలెను.

బ్యాటరీయు కీళ్ళును బాగున్నను ఇంజను కదలనిచో, దానిని చేతితో త్రిప్పి చూడవలెను. ముందు తాళపుచెవి తీసివేసి, గేరును న్యూట్రలులో ఉంచి, చేతిబ్రేకు వేయవలెను. హ్యాండిలుతో ఇంజను సులువుగా తిరిగినచో దోషము మోటారు వైపుననే ఉన్నది. తిరుగనిచో చిన్న పండ్లచక్రము ఫ్లైవీలులో ఇరుకుకొనియుండవచ్చును. తాళపుచెవి తీసియుంచి, కారును పై గేరులో పెట్టి, చేతిబ్రేకు విడిచి, ముందు వెనుకలకు ఊపినచో అది విడివడవచ్చును. అప్పటికిని కదలనిచో ఇంజను లోపలనే బిగిసినదేమో. బలవంతముగా త్రిప్పక నిపుణునకు అప్పగించుట మేలు.

ఈ పరీక్షలలో జాగ్రత్త మరువరాదు. బ్యాటరీ నుండి మండు స్వభావముగల హైడ్రోజను వాయువు వెలువడును. దాని దరికి అగ్గిపుల్లగాని, చుట్టగాని, లాంతరుగాని తేరాదు. అందలి ఆమ్లము కన్నును, చర్మమును కాల్చును. కొసలు విప్పునపుడు కారు దేహమునకు కలిపిన ఎర్తు కొసను ముందుగా విప్పి, చివరగా బిగింపవలెను. లేనిచో చేతిలోని ఇనుప పానా దేహమునకు తగిలి నిప్పులు లేచును.

ఆ వానరాత్రి డ్రైవరు చేసినదేమి? దీపములు వెలిగించి చూచెను. అవి చక్కగా వెలిగినవి. తాళపుచెవి త్రిప్పగానే మసకబారినవి. దోషము బ్యాటరీలోనో, దాని కొసలలోనో ఉన్నదని అతడు గ్రహించెను. పగలెల్ల నడచిన కారు గనుక బ్యాటరీ నీరసించుటకు అవకాశము తక్కువ. తాళపుచెవి తీసి, కొసలను వ్రేలితో తాకి చూచెను. ఒకటి చల్లగా ఉన్నది, రెండవది వేడెక్కియున్నది. ఎచ్చట నిరోధము ఎక్కువయో అచ్చటనే వేడి పుట్టును. టార్చిలైటు వెలుగులో చూడగా ఆ కొస చుట్టును తెల్లని పొడి పేరుకొనియున్నది. అతడు రెండు కొసలను వరుసగా విప్పి, చెడినదానిని కత్తితో గీకి, లోహము మెరయువరకు తుడిచి, గట్టిగా బిగించెను. తాళపుచెవి మరల త్రిప్పెను. ఇంజను గర్జించెను. కారు బురదలోనుండి మెల్లగా కదలి పట్టణము వైపు సాగిపోయెను.

అతడు క్రొత్త వస్తువు ఏదియు కొనలేదు. కార్బ్యురేటరును విప్పలేదు. కారును ఒక్కొక్క ప్రశ్న అడిగి, అది ఇచ్చిన జవాబును శ్రద్ధగా వినెను. ప్రతి జవాబుతోను వెదకవలసిన చోటులు తగ్గుచు వచ్చినవి. చివరకు ఒక్కటే మిగిలినది. కారు దోషమునకే గాక, లెక్కలోని తప్పును పట్టుటకును, పొలములో పైరు ఎండుటకు కారణము తెలిసికొనుటకును దారి ఇదియే.